‘గుండె దిటవు చేసుకో’ అంటే సరిపోతుందా?

నాడి చూపించుకోవడానికి వచ్చేవారి దగ్గర ఈ మధ్య రెండు రకాల మాటలు ఎక్కువగా వింటున్నాను. కొందరు "హకీం సాబ్, మనసు మన చేతిలోనే ఉంది, గట్టిగా అనుకుంటే ఏ జబ్బూ రాదు, ఎవరి బతుకు వారిది" అంటారు. ఇంకొందరు "నజర్ తగిలింది, కాలం బాగాలేదు, సర్కారు బాగాలేదు, నేనేం చేసేది" అంటారు. మొదటివారు కుర్రవాళ్ళు, రెండోవారు నా ఈడువాళ్ళు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఆ సగం నిజంతోనే ఇళ్ళల్లో నష్టం జరుగుతోంది కాబట్టి, ఈ వారం కషాయాల సంగతి పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

డిప్లొమాలో మాకు మొదట నేర్పింది అస్బాబె సిత్తా జరూరియా, అంటే ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు కారణాలు. గాలి, తిండీ నీళ్ళూ, ఒంటి కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో ఉండవలసింది ఉండటం పోవలసింది పోవటం. మనసును తిండితోనూ నిద్రతోనూ ఒకే వరసలో కూర్చోబెట్టారు చూడండి. కోపం, దిగులు, భయం కూడా మిజాజును మార్చేవే.

వీటిలో నిద్ర చాలావరకు మీ చేతిలో ఉంది. రాత్రి ఒంటిగంట దాకా సెల్‌ఫోన్ చూసి, ఫజర్ వేళకు లేవలేక, రోజుకు ఎనిమిది టీలు తాగి, "గుండె దడగా ఉంది, ఖమీరా ఇవ్వండి" అని వస్తే నేను కోప్పడతాను. ఆ దడకు సర్కారూ కారణం కాదు, మరదలి కళ్ళూ కారణం కావు.

కానీ ఆ ఆరింటిలో మొదటిది గాలి. గాలిని ఎవరికి వారు శుభ్రం చేసుకోగలరా? అది ఊరంతా కలిసి చూసుకోవలసింది. మనసు కూడా కొంత మనది, కొంత చుట్టూ ఉన్నవారిది. అప్పులవాడు గడపలో కూర్చున్న ఇంట్లో, వారం వారం రాత్రి షిఫ్టులు పడే ఇంట్లో ఎంత ధైర్యవంతుడికైనా నిద్ర పట్టదు.

ఇక జబ్బు నిజంగా వచ్చినప్పుడు సంగతి వేరు. మన పాత హకీములు మాలీఖూలియా అని పేరు పెట్టి వైద్యం చేసినది దీనికే. దాన్ని వారు జబ్బు అన్నారు గాని పిరికితనం అనలేదు. ఆ చదువు చదివి కూడా నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. పరుపుల అంగడి నడిపే ఒక అబ్బాయిని వాళ్ళ అమ్మ తీసుకొచ్చింది. మాట్లాడడు, తినడు, అంగడి తెరవడు, గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ఖమీరా గావ్‌జబాన్ డబ్బా ఒకటి ఇచ్చి, "మగాడివి, గుండె దిటవు చేసుకో బేటా" అని పంపేశాను. నాలుగు నెలలకు ఆమె ఒక్కతే వచ్చింది. బతకాలని లేదంటున్నాడట. నూటమూడు జ్వరంతో వచ్చినవాడితో జ్వరం తగ్గించుకో అని నేను ఏనాడూ అనలేదు, వీడితో మాత్రం అన్నాను.

మరునాడే బస్సెక్కించి బెంగుళూరు నింహాన్స్‌కు నేనే తీసుకుపోయాను. మా హోసూరు నుంచి పోయే రోడ్డు మీదే ఉంది అది. ముప్పై ఏళ్ళు దాని ముందునుంచే పోయాను, అంతకుముందు ఒక్కరికీ దారి చూపలేదు.

మన తమిళనాడులోనే, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, 2001 ఆగస్టు 6న దర్గా దగ్గరి ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టి ఉంచిన మనోరోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. వారిని అక్కడ వదిలింది సొంతవాళ్ళే, నయమవుతుందన్న ఆశతోనే. దువా చేయవద్దని నేననను, నేనూ చేస్తాను. గొలుసు వేయటం మాత్రం దువా కాదు.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మనోరోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదు. సర్కారు ఖర్చుతో నడిచే వైద్యం పొందటం ప్రతివారి హక్కు. ఇన్సూరెన్సు కంపెనీలు ఒంటి జబ్బుకు ఇచ్చినట్టే దీనికీ ఇవ్వాలి. ప్రాణం తీసుకోబోయినవారిని నేరస్తులుగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలి. ఎవరి బతుకు వారిది అనే కుర్రవాడు ఈ చట్టంతో నాకేం పని అంటాడు. పొద్దున్నే సర్కారును తిట్టే పెద్దాయన దాని పేరైనా వినలేదు. ఓట్లకు వచ్చినవాళ్ళను కాలువ గురించి, రేషన్ కార్డు గురించి నిలదీస్తాం గాని, మన జిల్లా ఆసుపత్రికి మనోవైద్యుడు వారానికి ఎన్ని రోజులు వస్తాడని ఒక్కరమైనా అడిగామా? మాత్రలు అక్కడ ఉన్నాయా అని అడిగామా? ఇరుగుపొరుగు వింటారని నోరు మూసుకుంటాం.

ఇంట్లో ఎవరైనా పదిహేను రోజులకు మించి నిద్ర, ఆకలి, మాట తగ్గిపోయి ఉంటే ఆలస్యం చేయకండి. బతకాలని లేదు అన్నమాట వింటే పదిహేను రోజులు కూడా చూడకండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. 14416 నంబరు రాసి పెట్టుకోండి. టెలి మానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం పెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనూ మాట్లాడతారు.

పరుపుల అబ్బాయి ఇప్పుడు రోజూ అంగడి తెరుస్తున్నాడు, నా దగ్గరికి కడుపు మందుకు మాత్రం వస్తాడు. మొన్న వచ్చినప్పుడు, ఆ మాత్రలు మానేసి మీ ఖమీరా తింటాను హకీం సాబ్ అన్నాడు. ముందు మీ డాక్టరును అడిగి రా అన్నాను. ఇవ్వలేదు.