పిల్లికి బిచ్చం

మన భాషలో పిసినారిని తిట్టడానికి వున్న మాటల్లోకెల్లా పదునైనది "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అన్నది. ఈ మాట పుట్టించిన మహానుభావులెవరో గాని, పిల్లి సంగతి బాగా తెలిసినవారే. కాకికి పెట్టడని అనలేదు. కుక్కకు పెట్టడని అనలేదు. కాకికి పిండం వుంది, ఆవుకు గోగ్రాసం వుంది, కుక్కకు పొద్దుటి చద్ది, రాత్రి మిగులు వున్నాయి. వాటికి ఒక వేళ, ఒక పాళం. పిల్లికి మాత్రం మన పెద్దలు ఏ లెక్కా కట్టలేదు. అది కాళ్ళకు చుట్టుకుని "మ్యావ్" మంటుంది, చేతిలో వున్నది పెడతాం. అంతే దాని పద్దు.

పెట్టనివాడికి సామెత వుంది, సరే. అడ్డూ ఆపూ లేకుండా పెట్టేవారికి ఏ సామెతా లేదు. ఆత్రేయపురంలో మా మేనత్త ఆ రెండో కోవకు చెందిన మనిషి.

ఆత్రేయపురం అంటే మీకు పూతరేకులు గుర్తుకొస్తాయి. రావలసిందే. పలచగా రుబ్బిన బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఇలా వేసి అలా తీస్తే, కాగితం కన్నా పలచని రేకు లేచి వస్తుంది. దానికి నెయ్యి రాసి, బెల్లం పొడో పంచదార పొడో జల్లి మడత పెడితే పూతరేకు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇప్పుడు ఆ వూళ్ళో ఏ వీధిలోకి వెళ్ళినా నేతివాసన. ఇంత నేతివాసన వున్న వూళ్ళో పిల్లిగా పుట్టడం పూర్వజన్మ సుకృతమనే నేననుకునేవాణ్ణి, మా మేనత్తగారి పిల్లిని కాటా ఎక్కించేదాకా.

కాటా పక్కింటివాళ్ళది, బెల్లం తూచేది. పిల్లిని బుట్టలో పెట్టి తూచి, బుట్ట బరువు తీసేస్తే తేలింది 6 కిలోల 400 గ్రాములు. ఎదిగిన నాటు పిల్లి మామూలుగా మూడున్నర కిలోల నుంచి అయిదు కిలోల లోపు వుంటుంది. ఇది పెరటి గోడ ఎక్కడం మానేసి ఏడాది అయిందట. "పెద్దరికం వచ్చిందిరా దానికి" అని మా మేనత్త సమర్థన.

పక్క వీధిలో గేదెకు సూది వేయడానికి వచ్చిన పశువుల డాక్టరుగారిని పట్టుకొచ్చాం. ఆయన పిల్లిని అటూ ఇటూ తిప్పి, "రోజుకెంత పెడుతున్నారండీ?" అన్నారు.

"ఏం పెడుతున్నాను నాయనా, కాసిని పాలు, పిడికెడు పెరుగన్నం. పక్షి తిన్నట్టు తింటుంది" అంది మా మేనత్త. అబద్ధమాడే మనిషి కాదావిడ. ఆవిడ పెట్టేది నిజంగా అంతే. కాని పిల్లి తినేది అంత కాదు. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనకు తెలుసు గాని, పొట్టను కూడా తిప్పుతుందని ఎవరికీ తోచదు.

వాకబు చేస్తే బయటపడిన వైనం ఇది. ఈ పిల్లికి మూడు పేర్లు. మా మేనత్త ఇంట్లో "బుజ్జి". పూతరేకులు చేసే పక్కింట్లో "నల్లోడు". కాలవ గట్టున చేపలు వండుకునే ఇంట్లో "దొరబాబు". మూడిళ్ళవాళ్ళూ అది తమ పిల్లేననీ, తమ ఇంట తప్ప మరెక్కడా ముట్టదనీ గట్టిగా నమ్మారు. ఇది గాక రాత్రి పడుకునే ముందు, హైదరాబాదు నుంచి మనవడు పంపే పొట్లంలోంచి గుప్పెడు పలుకులు.

కాగితం తీసుకుని కూర్చున్నాం. నాలుగు కిలోల పిల్లికి, ఇంటిపట్టున వుండేదానికి, రోజుకు సుమారు 200 నుంచి 250 కేలరీలు చాలు. ప్రకృతి లెక్కలో చెప్పాలంటే ఒక్కో చిట్టెలుక 30 కేలరీలు; అంటే రోజుకు ఏడెనిమిది చిట్టెలుకలు. మన "దొరబాబు" పద్దు చూడండి. పొద్దున్న ఒక చిన్న గ్లాసు గేదెపాలు, 150. మధ్యాహ్నం పెరుగన్నం, 120. పక్కింట్లో రేకులకు నెయ్యి రాసిన చెంచా, గిన్నె నాకినందుకు రెండు చెంచాల నెయ్యి లెక్కేస్తే 90. సాయంత్రం చేప తలకాయలు, తోకలు, 100. రాత్రి పొట్లం గుప్పెడు, 40 గ్రాములు, 150. మొత్తం 610! అందులో కాకులు ఎత్తుకుపోయింది పోగా ఎంత మిగిలినా, ఇద్దరు పిల్లుల భోజనానికి తక్కువ లేదు. పైగా రెండేళ్ళ కిందట రాజమండ్రిలో దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించారు. అది మంచి పనే. అయితే ఆ ఆపరేషను తరువాత పిల్లికి ఆకలి పెరుగుతుంది, కావలసిన తిండి తగ్గుతుంది. ఆ ముక్క ఇంట్లోవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

గ్లాసుడు గేదెపాలు పిల్లికి మూడు వంతుల రోజు తిండి అన్నది విని నేనూ తెల్లబోయాను. తెలుగువాళ్ళకు పిల్లి అనగానే పాలు. తెనాలి రామకృష్ణుడి కథలో రాయలవారు ఎలుకల బాధ తీర్చడానికి ఇంటికొక పిల్లిని, దాని పాలకోసం ఒక ఆవునీ ఇప్పించారంటారు. ఒక్క పిల్లికి ఒక ఆవు! రామకృష్ణుడు మరిగే పాలు పెట్టి మూతి కాల్పించాడు గనక, అతని పిల్లి పాలగిన్నె చూస్తే పారిపోయేది. కథ చెప్పేవాళ్ళు కవి చమత్కారానికి నవ్వుతారు. నేను క్లాసులో చెప్పినప్పుడూ పిల్లలు నవ్వుతారు. మూతి కాల్చడం క్రూరమే. కాని ఎదిగిన పిల్లికి పాలు అవసరమే లేదన్నది ఆ కథలో ఎవరికీ తట్టని సంగతి. పిల్లి కూనగా వున్నప్పుడు తల్లిపాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి, పెరిగేకొద్దీ చాలా పిల్లులకు సన్నగిల్లిపోతుంది. అందుకే కొన్నింటికి పాలు తాగగానే పొట్ట జారుతుంది. దానికి కావలసింది మంచినీళ్ళు.

చక్కెర అన్నాను గనక ఇంకో మాట. "మా నల్లోడికి పూతరేకులంటే ప్రాణవండి, ఆయ్" అని పక్కింటావిడ మురిసిపోతూ చెప్పింది. పాపం, దానికి తీపి తెలియదు. పిల్లుల నాలుక మీద తీపిని పట్టే ఏర్పాటే లేదని, అందుకు కావలసిన జన్యువు వాటిలో చెడిపోయి వుందని 2005లో అమెరికాలో ఫిలడెల్ఫియా శాస్త్రవేత్తలు తేల్చారు. పులికీ అంతే. పూతరేకులో దాని ప్రాణమంతా నెయ్యే. లోకమంతా తీపికోసం వెతుక్కుంటూ వచ్చే వూళ్ళో పుట్టి, తీపి అంటే ఏమిటో తెలియకుండా బతికేస్తున్న జీవి అదొక్కటే అనుకుంటాను. మా ఆత్రేయపురం బంధువుల్లో ఒకరిద్దరు మధుమేహం వాళ్ళు ఈ సంగతి విని దాన్ని చూసి అసూయపడ్డారు కూడా.

ఇక పెరుగన్నం. మా మేనత్తది మడీ ఆచారం గల ఇల్లు. అందులో పిల్లి కూడా శాకాహారిగా బతకాలని ఆవిడ పట్టు కాదు గాని, అలా బతుకుతోందని ఒక సంతృప్తి. ఇక్కడే డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. కుక్క కొంతవరకు మనతో పాటు అన్నం తిని నెట్టుకొస్తుంది, పిల్లి రాలేదు. టారిన్ అనే పదార్థం పిల్లి ఒంటిలో చాలినంత తయారుకాదు. మాంసం, చేప వల్లనే అందాలి. అది కొరవడితే కంటి వెనకపొర దెబ్బతిని చూపు పోతుందని 1975లోను, గుండె కండరం బలహీనపడుతుందని 1987లోను అమెరికాలో పరిశోధకులు కనిపెట్టారు. రెండో సంగతి బయటపడ్డాక పిల్లి తిండి తయారుచేసే కంపెనీలు ఆ పదార్థం పాలు పెంచాయి. అంటే ఒట్టి పెరుగన్నంతో పిల్లి పొట్ట నిండుతుంది, ఒళ్ళు వస్తుంది, కళ్ళు పోతాయి. ఎంత పెట్టాలన్న ప్రశ్నకు ముందు ఏది పెట్టాలన్నది తేలాలి. ఈ పిల్లి కళ్ళు నిలిచి వున్నాయంటే అది దొరబాబు పుణ్యమే, బుజ్జి పుణ్యం కాదు.

మా మేనత్త చాలాసేపు మాట్లాడలేదు. మనవడు పంపే పొట్లంలో వున్నది కోడిమాంసమని ఆవిడకు ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే, "పొట్లం మీద కోడి బొమ్మ నాకు కనబడదనుకున్నావట్రా? చదువు రాదు గాని కళ్ళున్నాయి" అంది. ఆ పొట్లం మొదటినుంచీ వీధి అరుగు మీద వేరే డబ్బాలో, వేరే చెంచాతో వుంది. "దాని మడి దానిదిరా. పిల్లిగా పుట్టింది, ఏం చేస్తుంది?" అంది. ఎం.ఏ. చదివిన నేను ఆవిడ ముందు పెద్ద మాటలు మాట్లాడడం తగ్గించుకున్నాను.

ఏకాదశినాడు తనతో పాటు దాన్నీ పస్తుంచితే ఒళ్ళు తగ్గుతుంది కదా అని ఆవిడే ఉపాయం చెప్పింది. డాక్టరుగారు చేతులు అడ్డంగా వూపారు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వంతా కాలేయం మీద పడి ప్రాణానికే ముప్పు. తగ్గితే వారానికి నూటికి ఒకటి చొప్పున తగ్గాలి. దీనికి వారానికి అరవై గ్రాములన్నమాట. రోజుకు 180 కేలరీలు రాసిచ్చారు. చేప పెడితే ఉడికించి, ముల్లు తీసి, ఉప్పూ కారం లేకుండా. పులుసులో ముక్క అసలు వద్దు. ఉల్లీ వెల్లుల్లీ పిల్లి రక్తాన్ని చెరుస్తాయి.

కాటా లేని ఇళ్ళవారికి ఆయన చెప్పిన కిటుకు మీకూ పనికొస్తుంది. చేయి చాచి, మీ అరచేతి వెనక్కు తడుముకోండి. పలచని చర్మం కింద ఎముకలు తగులుతాయి. పిల్లి డొక్క అలా తగిలితే సరైన తిండి. పిడికిలి బిగించి కణుపులు తడిమినట్టుంటే చాలలేదు. అరచేతి లోపలివైపు తడిమినట్టు మెత్తగా వుంటే ఎక్కువైంది. ప్రతి పదిహేను రోజులకు ఒకసారి ఇలా చూసుకుని గిన్నెలో కలపడమో తీయడమో చేయాలి. పిల్లి అరుపును బట్టి మాత్రం కాదు. అది కడుపు నిండినా అరుస్తుంది. అరిస్తే వస్తుందని మనమే నేర్పాం.

ఇంతవరకు శాస్త్రం. అసలు చిక్కు తరువాత వచ్చింది.

మా మేనత్తకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒక్కర్తే వుంటుంది. పొద్దున్న పావులీటరు పాలు పోయించుకునేది పిల్లికోసం. అందులోంచే ఆవిడ కాఫీ. పెరుగు తోడుపెట్టేది పిల్లికోసం. అందులోంచే ఆవిడ మజ్జిగ. మధ్యాహ్నం కుక్కరు ఎక్కేదీ అది అరుగు మీద కూర్చుని పిలుస్తుందనే. "నా ఒక్కదానికీ ఏం వండుకుంటాన్రా, నాలుగు అటుకులు నోట్లో వేసుకుంటే సరి" అని ఆ మధ్య ఎప్పుడో అన్నది నాకు గుర్తుంది. పిల్లి పాలు ఆపితే ఆగేది పిల్లి పాలు మాత్రమే కాదు. డాక్టరుగారు ఇచ్చిన కాగితంలో ఆ లెక్క లేదు; వుండాలని ఆశించడమూ న్యాయం కాదు.

దారి చూపింది ఆయనే, తెలియకుండానే. పిల్లి స్వభావం ఒక్కసారి కడుపునిండా తినడం కాదనీ, పట్టిన ఎలుకనల్లా తింటూ రోజంతా చిన్నచిన్న ముద్దలుగా తినడమనీ, కనక అయిదారుసార్లుగా పంచి పెట్టినా మేలేననీ అన్నారు. ఆ మాట పట్టుకున్నాను. ఎంత అన్నది తగ్గాలి గాని, ఎన్నిసార్లు అన్నది తగ్గనక్కరలేదు. ఇప్పుడు మా మేనత్త రోజుకు అయిదుసార్లు పెడుతోంది. వేరే చెంచాతో, కొలిచి, పొట్లంలోంచి అయిదేసి గ్రాములు. పెరుగన్నంలోంచి ఒక్క మెతుకు, శాస్త్రానికి. మిగతా వంతు కాలవ గట్టువాళ్ళు ముల్లు తీసిన చేప పెడతారు. పక్కింటివాళ్ళు నేతి చెంచా దాచేస్తారు. పాలవాడు మాత్రం పావులీటరూ పోస్తూనే వున్నాడు. "పిల్లికి వద్దన్న పాలు పారబోస్తామా?" అని ఆవిడే తాగుతోంది. అన్నం ఆవిడ తినేటప్పుడు పిల్లి ఎదురుగా కూర్చుంటుంది గనక, తన ముద్దా దాని చెంచా ఒకే వేళకు పెట్టుకున్నారిద్దరూ.

మూడిళ్ళవాళ్ళను ఒప్పించడం తేలిక కాలేదు. దొరబాబుకు ఇంకో రెండు పేర్లున్నాయని తెలిసి కాలవ గట్టు ఇల్లాలు నాలుగు రోజులు మొహం ముడుచుకుంది. అయినా మాట తప్పలేదు.

మూడు నెలలయింది. మొన్న తూస్తే 5 కిలోల 700 గ్రాములు. ఇంకా ఒక కిలో పైగా పోవాలి. మళ్ళీ పెరటి గోడ ఎక్కుతోంది. మా మేనత్త ఆ సంగతి వూరంతా చెప్పుకుంటోంది. పక్కింటావిడకు మాత్రం అంత సంబరంగా లేదు. "మీ బుజ్జిగారు సన్నబడ్డారు, బాగానే వుందండి, కాని ఇదివరకు అందని మా నేతి ఉట్టి ఇప్పుడందుతోందండి, ఆయ్" అని నిన్న ఫోనులో చెప్పింది. ఉట్టి ఇంకో మూరెడు పైకి కట్టమన్నాను.