సింథటిక్ ఆయిలు – శ్రీవారి లెక్కలు

పికప్ బండికి సింథటిక్ ఇంజనాయిలు పోయిస్తే లీటరు డీజిలుకు రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువొస్తాయట! మా ధర్మపురిలో బండి ఉన్న ఇళ్ళల్లో ఈమధ్య ఇదే మాట. చెప్పేది ఆయిలు అమ్మేవాళ్ళు, నమ్మేది మన శ్రీవార్లు. పెనం మీద నూనెకు బదులు నెయ్యి వేస్తే గ్యాసు బండ ఇంకో పది రోజులు వస్తుందంటే మనం నమ్ముతామా వదినగారూ?

పొదుపు బొత్తిగా లేదనను. పల్చటి ఆయిలుతో ఇంజను లోపలి రాపిడి కాస్త తగ్గేమాట నిజమే. అయినా ఆ లాభం నూటికి ఒకటో రెండో పాళ్ళు. అదీ బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడు పోస్తేనే. రాత్రంతా మంచులో నిలబడ్డ ఇంజనుకైతే మేలు ఎక్కువ. మే నెలలో గోదావరి ఇసుక మీద కాలు పెట్టలేని మనకు ఆ మంచు ఎక్కడిదండీ?

లెక్క వేద్దాం. లీటరుకు 14 కిలోమీటర్లిచ్చే బండి 10,000 కిలోమీటర్లు తిరిగితే సుమారు 714 లీటర్లు తాగుతుంది. నూటికి రెండు చొప్పున మిగిలేది 14 లీటర్లు. కొత్త ఆయిలుకు పెట్టిన అదనపు డబ్బు అందులోంచి తీసేసి చూడండి! ఇంజను మన్నిక కోసం, మాటిమాటికీ మార్చే పని తప్పుతుందని కొంటామంటే అది వేరే సంగతి, కాదనను.

మైలేజీయే కావాలంటే, జగిత్యాల మార్కెట్టుకు మామిడికాయలు వేసుకెళ్ళేముందు టైర్లలో గాలి చూసుకోమనండి. టీ కొట్టు దగ్గర కబుర్లు సాగినంతసేపూ ఇంజను ఆపమనండి. ఆ రెండూ అయ్యాక ఆయిలు సంగతి మాట్లాడవచ్చు. అంతవరకూ ఆ డబ్బు పోపులడబ్బాలోనే ఉండనివ్వండి.