రెండో జాయ్‌స్టిక్కు ఎవరిది?

మొన్న ఆదివారం మా పుట్టింటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో మా అన్న ఒక ఫోటో పెట్టాడు. పసుపుపచ్చ ప్లాస్టిక్ క్యాసెట్, దాని మీద మారియో బొమ్మ, పైన ‘9999 ఇన్ 1’ అని అచ్చు. కింద ‘ఆ రోజులే వేరు’ అని రాశాడు. అరగంటలో మా చిన్నాయిన కొడుకులు, బావలు అందరూ ఎర్ర గుండెలు గుప్పించారు. ఒకరు కాంట్రాను తలుచుకున్నారు, ఒకరు బాతుల్ని కాల్చే తుపాకీని తలుచుకున్నారు. ‘మనందరి బాల్యం’ అని మా పెద్ద బావ తేల్చేశాడు.

మనందరి అంటే ఎవరెవరిది? ఆ గ్రూపులో ఆడవాళ్ళం తొమ్మిది మందిమి ఉన్నాం. ఒక్కరం కూడా పలకలేదు. ఎందుకు పలకలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

మాది వెల్గటూర్. ఇప్పుడు జగిత్యాల జిల్లా, అప్పుడు కరీంనగర్ జిల్లా. మా వైపు ఇంటికొకరు దుబాయో మస్కటో పోయినవాళ్ళు ఉంటారు. 1994లో మా చిన్నాయిన సెలవు మీద వస్తూ టీవీకి తగిలించే ఆట డబ్బా తెచ్చాడు. పేరుకు విదేశీ సరుకు గానీ, అదీ జపాన్ నింటెండో డబ్బాకు చౌక నకలే. మన దగ్గర పట్నాల్లో అమ్మే మీడియా, లిటిల్ మాస్టర్ లాంటిదే. క్యాసెట్ మాత్రం కరీంనగర్‌లో కొన్నారు. మా అమ్మ నాలుగైదు రోజులు చుట్టిన బీడీల పైసలు దానికి పోయాయి. 9999 ఆటలని రాసి ఉన్నా, లోపల ఉన్నవి పట్టుమని పది. అవే మళ్ళీ మళ్ళీ వేరే పేర్లతో వచ్చేవి.

మా బ్లాక్ అండ్ వైట్ టీవీలో మారియోకు రంగు లేదు. అయినా కరెంటు ఉన్నంతసేపూ అన్న దాని ముందే ఉండేవాడు. నేను వెనకాల గోడకు ఆనుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చునేదాన్ని. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. కళ్ళు టీవీ మీద, వేళ్ళు చాటలో. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నా ఈడు ఆడవాళ్ళను అడగండి, చాలామంది ఇదే చెబుతారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఈ సంగతి ఎత్తితే మగవాళ్ళు చెప్పే జవాబులు మూడు.

మొదటిది, ‘అప్పుడు పైసలు ఎక్కడివి? అందరికీ కొనిచ్చే స్తోమత లేదు.’ ఈ మాట పుస్తకాలకు చెల్లుతుంది, సైకిలుకు చెల్లుతుంది. ఈ ఆటకు చెల్లదు. ఎందుకంటే డబ్బాలోనే రెండు జాయ్‌స్టిక్కులు వచ్చాయి. రెండోదానికి అదనంగా ఒక్క రూపాయి పెట్టనక్కర లేదు. మా ఇంట్లో ఆ రెండోది గోడకు కొట్టిన మేకుకు వేలాడేది. చిన్నాయిన కొడుకు వస్తే కిందికి దిగేది, అతను పోగానే మళ్ళీ మేకెక్కేది. దాని కింద కూర్చుని బీడీలు చుట్టే పిల్ల చేతికి అది ఏనాడూ రాలేదు. దీన్ని పేదరికం ఖాతాలో రాస్తే నేను ఒప్పుకోను.

మారియోలో ఇద్దరు ఆడాలంటే ఒకరి తర్వాత ఒకరు ఆడాలి. మొదటివాడు చచ్చినప్పుడే రెండోవాడైన లూయీజీకి వంతు వస్తుంది. కాంట్రాలో అట్లా కాదు, ఇద్దరూ పక్కపక్కన పరుగెత్తుతూ కాల్చవచ్చు. అంటే పక్కన ఒక మనిషికి చోటు ఆటలోనే ఉంది. మా ఇంట్లోనే లేదు.

రెండో జవాబు, ‘ఆడపిల్లలకు ఇవి పట్టవు.’ ఎవరు చెప్పారు? 1980లో అమెరికాలో రోబర్టా విలియమ్స్ అనే ఇద్దరు పిల్లల తల్లి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ‘మిస్టరీ హౌస్’ అనే కంప్యూటర్ ఆటను ఊహించి, గీసింది. భర్త కెన్ ప్రోగ్రాం రాశాడు. డిస్కులను మనం కొత్తిమీర దాచుకునే లాంటి ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి అమ్మారు. ఆ ఇంటి వ్యాపారమే తర్వాత సియెర్రా ఆన్‌లైన్ అనే పెద్ద ఆటల కంపెనీ అయింది. 1982లో యాక్టివిజన్ అమ్మిన ‘రివర్ రైడ్’ చేసింది కేరల్ షా అనే ఆవిడ. 1986లో అదే నింటెండో తెచ్చిన ‘మెట్రాయిడ్’ను చకచకా ముగించినవాళ్ళకు చివర్లో తెలుస్తుంది, ఇంతసేపూ కవచం తొడుక్కుని పోరాడింది ఆడమనిషి అని. ఇవేవీ మా ఊరి దాకా రాలేదు. మాకు తెలిసిన ఆడమనిషి ఒక్కతే. మారియోలో ఎనిమిది లోకాలు దాటాక కనబడే రాజకుమారి. ఆమె పని ఎదురుచూడడం.

అసలు ఆ క్యాసెట్ల మీద చేసినవాళ్ళ పేరే ఉండేది కాదు. మారియో నింటెండోదని, కాంట్రా కొనామీదని నాకు తెలిసింది నలభై దాటాక, మా అబ్బాయి చెబితే. ‘అప్పటి ఆటలు ఎంత చౌక’ అని మురిసిపోయే ముందు అది కూడా తలుచుకోవాలి. నకలు కాబట్టి చౌక. చేసినవాళ్ళకు ఏమీ ముట్టలేదు. ఒక్కసారి కొంటే ఏళ్ళ తరబడి ఆడుకున్నాం, మధ్యలో ప్రకటనలు లేవు, ఇంకా డబ్బు కట్టమని అడగలేదు. ఇవన్నీ నిజమే, ఆ సుఖం ఇప్పుడు లేదు. కానీ ఆ చౌకలో మా అమ్మ చేతులూ ఉన్నాయి. ఫోటో పెట్టినవాళ్ళెవరూ ఆ లెక్క రాయలేదు.

మూడో జవాబు, ‘నువ్వు అడిగితే ఇవ్వకపోయేవాళ్ళమా?’ అడగలేదు. ఒకసారి తీసుకున్నాను.

ధర్మపురి జాతరకు అందరూ పోయారు. బీడీల లెక్క అప్పజెప్పాలని నన్ను ఇంట్లో ఉంచారు. వాళ్ళు బస్సెక్కగానే తలుపు గడియ పెట్టి, మేకు మీది జాయ్‌స్టిక్కును కాదు, అన్న జాయ్‌స్టిక్కునే పట్టుకున్నాను. కాంట్రా పెట్టాను. పై, పై, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. అట్లా నొక్కితే మూడు ప్రాణాలకు బదులు ముప్పై వస్తాయి. అన్న ఆ గుట్టు ఎవరికీ చెప్పేవాడు కాదు. రెండేళ్ళు వెనకాల కూర్చుని అతని బొటనవేలు చూసి నేర్చుకున్నాను. బీడీ చుట్టే వేళ్ళకు మీటలు ఒక లెక్కా? ఆ మధ్యాహ్నం మూడో మెట్టు, జలపాతం దాకా పోయాను.

వాళ్ళు వచ్చేసరికి అన్నీ సర్దేశాను. అన్న నేరుగా పోయి అడాప్టర్ మీద చెయ్యి పెట్టాడు.

“ఎవరు ముట్టిన్రు దీన్ని? ఇంత వేడిగ ఎందుకుంది?”

అమ్మ చాటలోకి చూసింది. సగం కూడా కాలేదు. “ఆడపిల్లవు, నీకెందుకే గా ఆటలు?” అంది. కొట్టలేదు. బాపు డబ్బా తీసి సందూకలో పెట్టి తాళం వేశాడు. అన్నకు వారం తర్వాత తాళం తీశారు. నాకు తీసినవాళ్ళు లేరు.

అన్న మీద నాకు కోపం లేదు. అతను ఇప్పుడు షార్జాలో ఉన్నాడు. ఎనిమిది మంది పడుకునే క్యాంపు గదిలోంచి ఆ ఫోటో పెట్టాడు. అతనికి ఆ పసుపు క్యాసెట్ అంటే ఇల్లు. అతని సంతోషం అబద్ధం కాదు. ‘మనందరి’ అన్న మాటే అబద్ధం. ఆ మాటే నేటికీ మన ఇళ్ళలో నడుస్తోంది. మా ఆయన ఫోన్లో క్రికెట్ ఆడితే అలసట తీర్చుకుంటున్నట్టు. నేను రంగుల మిఠాయి బిళ్ళలు కలిపితే పని లేనట్టు. రేపు అతనిది తీపి జ్ఞాపకం అవుతుంది, నాది అప్పుడూ కాలక్షేపంగానే మిగులుతుంది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. పోయిన దసరా సెలవుల్లో మా అబ్బాయి, వాడి స్నేహితుడు టీవీ ముందు ఆడుతున్నారు. మా అమ్మాయి పక్కన నిలబడి చూస్తోంది. “ఊరికే నిలబడకుంటే ఆ సకినాల పళ్ళెం తెచ్చి అన్నోళ్ళకు పెట్టరాదా” అన్నాను. నేనే అన్నాను. అది పళ్ళెం తెచ్చి పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రాత్రి అంట్లు తోముతుంటే అమ్మ గొంతు, నా గొంతు ఒకటే వినబడింది. ఇప్పుడు మా ఇంట్లో రెండో రిమోట్ అమ్మాయి గదిలో ఉంటుంది. ఎవరికైనా కావాలంటే దాన్ని అడిగి తీసుకోవాలి.

అక్కలారా, చెల్లెళ్ళారా, ఇంటి గ్రూపుల్లో ఇట్లాంటి ఫోటోలు వచ్చినప్పుడు గుండె బొమ్మ పెట్టి ఊరుకోకండి. ఆ ఆట నడుస్తున్నప్పుడు మీరు ఎక్కడ కూర్చున్నారో, చేతిలో ఏముందో కూడా రాయండి. నేను రాశాను. అన్న ఫోటో కింద పై, పై, కింద, కింద అని మొదలుపెట్టి చివరిదాకా రాసి పెట్టాను. రాత్రి పదకొండుకు షార్జా నుంచి ఫోన్ వచ్చింది.

“గిది నీకెట్ల ఎరుక?”

“నీ వెనకాలనే కూసున్న గదా అన్నా.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎంత దాకా పోయావని అడిగాడు. జలపాతం దాకా అన్నాను.