చమురు అయిపోయాక ఏం మిగులుతుంది?

పోయిన సెమిస్టర్‌లో ఐఓటీ సబ్జెక్టుకి సెమినార్ ఇవ్వాల్సి వచ్చింది. అందరూ స్మార్ట్ హోమ్, స్మార్ట్ పార్కింగ్ తీసుకున్నారు. కొత్తగా ఉంటుందని నేను నార్వేలోని యోహాన్ స్వెర్‌డ్రప్ చమురు క్షేత్రం తీసుకున్నా. పన్నెండు స్లైడ్లలో పదకొండు టెక్నాలజీ మీదే. ఆఖరి స్లైడ్‌లో "ఆర్థిక లాభాలు" అని నాలుగు పాయింట్లు పెట్టా. అంతా విని మేడమ్ ఒక్కటే అడిగారు: "చమురు అయిపోయాక ఏం మిగులుతుంది?" నా దగ్గర జవాబు లేదు. మార్కులు బాగానే వచ్చాయి కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఈ వ్యాసం నేను ఆలస్యంగా చెప్తున్న జవాబు.

ముందు క్షేత్రం సంగతి. ఇది నార్త్ సీలో, నార్వే పశ్చిమ తీరానికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. నార్వే వాళ్లు ఆ సముద్రంలో 1960ల నుంచే బావులు తవ్వుతున్నా, ఇది దొరికింది మాత్రం 2010లో. ఉత్పత్తి 2019 అక్టోబర్‌లో మొదలైంది. మొత్తం 270 కోట్ల బ్యారెళ్లు తీయొచ్చని అంచనా. 2022 డిసెంబర్‌లో రెండో దశ మొదలయ్యాక ఉత్పత్తి రోజుకి 7 లక్షల బ్యారెళ్లు దాటింది.

చమురు అంటే భూమి కింద చెరువులా ఉంటుందని నేను అనుకునేవాణ్ణి. కాదు. ఇడ్లీలోకి సాంబారు ఇంకినట్టు ఇసుకరాయి రంధ్రాల్లో ఇంకి ఉంటుంది. కింద నుంచి నీళ్లు పంపి దాన్ని బావుల వైపు నెట్టాలి. అయినా చాలా భాగం రాయిలోనే ఉండిపోతుంది. నార్వే క్షేత్రాల్లో సగటున బయటికి వచ్చేది సగానికి కొంచెం తక్కువే. ఇక్కడ మాత్రం 70 శాతం పైనే తీయాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందుకే సముద్రం అడుగున ఫైబర్ ఆప్టిక్ సెన్సార్ కేబుళ్లు శాశ్వతంగా పరిచారు. ధ్వని తరంగాలు పంపి, కింద పొరల చిత్రం తీస్తారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ తీస్తారు. రెండూ పోల్చి చమురు ఎటు కదిలిందో, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూస్తారు. మన భాషలో చెప్పాలంటే భూమికి గిట్ డిఫ్ చూడటం! ఒక్క శాతం ఎక్కువ తీసినా కోట్ల బ్యారెళ్లు. మన బ్రాంచ్ వాళ్లకి అక్కడ పని ఉందని తెలిసి నేను ఎగిరి గంతేశా.

ఇంకో గొప్ప కూడా చెప్తారు. ప్లాట్‌ఫామ్‌లకి కరెంటు ఒడ్డు నుంచి కేబుల్‌లో వస్తుంది, అందులో ఎక్కువ భాగం జలవిద్యుత్తే. అందుకే ఒక బ్యారెల్ తీయడానికి అయ్యే కార్బన్ డయాక్సైడ్ కిలో కూడా దాటదని కంపెనీ లెక్క. నా స్లైడ్‌లో దీన్ని పెద్ద అక్షరాల్లో పెట్టా. పెట్టనిది ఏంటంటే, అదే బ్యారెల్‌ని కాలిస్తే 400 కిలోలకి పైగా వస్తుంది. తీసేటప్పుడు శుభ్రం, కాల్చేటప్పుడు పొగ. మొదటి లెక్క చెప్పి రెండోది దాచితే అది ఇంజనీరింగ్ కాదు, అడ్వర్టైజ్‌మెంట్.

మరి నార్వే దగ్గర నిజంగా మెచ్చుకోవాల్సింది ఏంటి? నా ఉద్దేశంలో అది సముద్రంలో లేదు, వాళ్ల చట్టంలో ఉంది. చమురు లాభాల మీద పన్ను 78 శాతం. పైగా ఈ క్షేత్రంలో ప్రభుత్వానికి సొంత వాటా కూడా ఉంది. ఆ డబ్బు వెళ్లే నిధికి 1990లో చట్టం చేశారు, 1996లో మొదటి జమ పడింది. దాన్ని దేశం బయటే పెట్టుబడి పెడతారు. ఏటా ఖర్చుకి తీసేది సగటున నిధి విలువలో 3 శాతం దాటకూడదని నియమం. అసలు కదలదు, రాబడి మాత్రమే తింటారు. 60 లక్షల మంది కూడా లేని దేశానికి ఇప్పుడు లక్ష కోట్ల డాలర్లకి పైగా నిధి ఉంది.

ఇది నాకు మా ఇంట్లో జరిగిన దానితో అర్థమైంది. నా ఫీజు కోసం తాతయ్య అర ఎకరం అమ్మారు. డబ్బు చేతికొచ్చిన రోజు ఇంట్లో పెద్ద గొడవ. బాబాయ్ కారు కొందామన్నాడు. తాతయ్య ఒకటే మాట అన్నారు: "పొలం అమ్మిన డబ్బు జీతం కాదురా. మళ్లీ పొలమే అవ్వాలి." చమురు అమ్మడం కూడా అంతే. దాన్ని సంపాదన అనుకుంటాం కానీ, నిజానికి అది ఆస్తి అమ్మకం.

"మన దేశంలో ఇది కుదరదు, ఇన్ని కోట్ల మందికి డబ్బు ఇప్పుడే కావాలి" అని మీరు అనొచ్చు. నిజమే. మనం దాచుకోలేకపోవచ్చు. కానీ ఖర్చు పెట్టినా అది బడి అవ్వాలి, ఆసుపత్రి అవ్వాలి, అంతేగానీ ఈ ఏడాది లోటు పూడ్చి మాయమైపోకూడదు. కాకినాడ ఎదురుగా సముద్రంలో కేజీ-డీ6 గ్యాస్ 2009లో మొదలైంది. 2010 తర్వాత చాలా వేగంగా పడిపోయింది. తర్వాత పక్కన కొత్త బావులు వచ్చాయి, అవీ ఒకరోజు తగ్గుతాయి. ఎంత గ్యాస్ వచ్చిందని అందరం అడుగుతాం. ఆ డబ్బు ఏమైందని ఎవరు అడుగుతున్నారు?

మళ్లీ సెమినార్ ఇస్తే ఆ ఆఖరి స్లైడ్‌నే మొదట పెడతా. అన్నట్టు, ఆ అర ఎకరం ఇప్పుడు నేనే. మళ్లీ పొలం అవుతానో లేదో, ఇంకా రెండేళ్లు ఉంది.