భిన్నాల దగ్గరే దిద్దాలి

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే వాతావరణ శాఖ ఆ రోజును వర్షపు రోజుగా లెక్కిస్తుంది. సాధారణం కన్నా మైనస్ 20 శాతానికి దిగితే లోటు అంటుంది, మైనస్ 60కి దిగితే భారీ లోటు అంటుంది. వాతావరణ ఆధారిత బీమాలో వేరుశనగ రైతు చేతికి నాలుగు రూపాయలు రావడమూ రాకపోవడమూ ఇలాంటి అంకెలతోనే తేలుతుంది. ఈ గడ్డ మీద పుట్టిన బిడ్డ ఎనిమిదో తరగతికి వచ్చాక కూడా మైనస్ అర పెద్దదా, మైనస్ ముప్పావు పెద్దదా అని తడుముకుంటే, లోపం బోధనలో ఉన్నట్టే. ఏడు, ఎనిమిది తరగతుల్లో అకరణీయ సంఖ్యలను సూత్రాలుగా వల్లె వేయించే పద్ధతికి ఇకనైనా స్వస్తి చెప్పాలి.

ఒక్క లెక్క చూద్దాం. 1/2 + 1/3 ఎంత? పిల్లలు తరచూ రాసే జవాబు 2/5. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేస్తారు. అయ్యవారు ఎర్రసిరాతో కొట్టేసి క.సా.గు. తీయమంటారు. 5/6 వస్తుంది, మార్కు పడుతుంది, అంతటితో సరి. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువైన 2/5 ఎలా వచ్చిందిరా అని ఎవరూ అడగరు. అడగాల్సిన ప్రశ్న అదే. అది తట్టని పిల్లవాడు వారం తిరక్కుండానే మళ్లీ 2/5 రాస్తాడు.

ఇది ఒక్క మన బడుల జబ్బే కాదు. 1978లో అమెరికా జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లలను 12/13, 7/8 కలిపితే 1, 2, 19, 21లలో దేనికి దగ్గరని అడిగారు. రెండూ ఒకటికి చేరువే కాబట్టి జవాబు 2. అది చెప్పినవారు 24 శాతమే. సగానికి పైగా 19 అనో, 21 అనో గుర్తుపెట్టారు. పదేళ్ల వయసులో భిన్నాలపై ఉన్న పట్టును బట్టే హైస్కూల్లో బీజగణితం ఎలా వస్తుందో చెప్పవచ్చని అమెరికా, బ్రిటన్ పిల్లలపై 2012లో వెలువడిన పరిశోధన తేల్చింది. మన దేశంలో 2023 అసర్ సర్వే ప్రకారం 14-18 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43.3 శాతం. ఆ పునాది మీదే రుణ భిన్నాల భాగహారం నిలబెడుతున్నాం.

‘తిరగేసి గుణించు’ అన్న సూత్రాన్నే తీసుకోండి. 6ను 1/4తో భాగిస్తే 24. భాగిస్తే తగ్గాలి కదా, పెరిగిందేమిటని పిల్లలకు అనుమానం రావడం సహజం. ఆరు కిలోల వేరుశనగ విత్తనాలను పావు కిలో పొట్లాలు కట్టించండి, అనుమానం తీరిపోతుంది. పావు, అర, ముప్పావు, ఒకటింబావు ఇంట్లో అవ్వాతాతల నోట ఆడే లెక్కలే. ఎకరాన్నరంటే 150 సెంట్లని పిల్లలకు తెలుసు. ఆ తెలివిని బడి గడప బయటే వదిలిరమ్మంటున్నాం.

ఇలా చెబుతూ కూర్చుంటే సిలబస్ ఎప్పటికి అవుతుందని ఉపాధ్యాయులు అడుగుతారు. యాప్‌లలో ఫొటోలు ఎక్కించడానికే పూట గడిచిపోతోందన్న వారి గోడు న్యాయమైనదే. కరవుకు తాళలేక బెంగళూరుకు వలసపోయిన తల్లిదండ్రుల వెంట వెళ్లి, నెలల తర్వాత తిరిగొచ్చే పిల్లల సమస్య మరొకటి. కానీ భిన్నం అర్థం కాకుండా సమీకరణాలకు పోతే, అయిందనుకున్న సిలబస్‌నే పదో తరగతిలో మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది. అప్పుడు వృథా అయ్యే కాలం ఇంకా ఎక్కువ.

కాబట్టి విద్యాశాఖ చేయాల్సినవి స్పష్టం. ఏడో తరగతి మొదట్లోనే ప్రతి బిడ్డకూ భిన్నాలు ఏ మేరకు వచ్చో చూసి, రానివారికి కనీసం పదిహేను పనిదినాలు వాటికే కేటాయించాలి. వలస నుంచి ఏ నెలలో తిరిగొచ్చినా ఆ బిడ్డకూ ఇదే వర్తించాలి. బడి నేల మీద సంఖ్యారేఖ గీసి, రుణ సంఖ్యలను మండలం వర్షపాతం లోటుతో చెప్పాలి. ఏ లెక్కకైనా ముందు జవాబు సుమారుగా ఎంతుంటుందో అడగాలి. లెక్కల ఉపాధ్యాయులను బోధనేతర పనుల నుంచి తప్పించాలి. అన్నిటికన్నా ముందు ప్రశ్నపత్రం మారాలి: జవాబుకు సగం మార్కులు, అది ఎందుకు సరైనదో చెప్పినందుకు సగం. పరీక్షలో అడగనిది తరగతిలో చెప్పరు. ఈ ఒక్క మార్పుకూ కొత్త నిధులు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. వచ్చే విద్యా సంవత్సరానికల్లా దాన్ని వెలువరించాలి.