బుడుగుని అల్లేవాళ్ళు లేరా?

ఆఫీసులో ఎవరి మానిటర్ పక్కన చూసినా ఓ ఊలు బొమ్మ. హ్యారీ పాటర్, పికాచు, టొటోరో... బుడుగు మాత్రం ఎక్కడా కనపడడు. సీగానపెసూనాంబ సంగతి సరేసరి.

వీటిని జపాను వాళ్ళు అమిగురుమి అంటారు. లెక్క మనకి ఇట్టే ఎక్కుతుంది. మొదటి వరసలో 6 కుట్లు, తర్వాత 12, 18, 24... అలా పెంచుకుంటూ పోయి, మళ్ళీ తగ్గించుకుంటూ వస్తే తలకాయ తయారు. పక్కా ఫర్ లూప్! కానీ రన్ చేయాల్సింది చెయ్యే. మా బీరంగూడ చుట్టూ పటాన్‌చెరు, ఆర్సీపురంలో ఎన్ని ఫ్యాక్టరీలున్నా ఏం లాభం, క్రోషే అల్లిక ఫ్యాక్టరీ మెషీన్ల వల్ల అయ్యే పని కాదు. అంటే నూట యాభైకి దొరికే బొమ్మ వెనక కూడా ఎవరో గంటలు గంటలు కూర్చున్నారన్నమాట. చవగ్గా వచ్చిందని మురిసిపోతున్నామే, ఆ చవక ఎవరి కూలిలోంచి వచ్చినట్టు?

పశ్చిమ గోదావరిలో నరసాపురం లేసు కథ ఇదే. అక్కడి ఆడవాళ్ళు తరాలుగా క్రోషే అల్లుతున్నారు. జర్మన్ సోషియాలజిస్టు మరియా మీస్ 1982లో వాళ్ళ మీద ఏకంగా పుస్తకమే రాశారు. లాభాలు ఎగుమతిదార్లకి, రోజంతా అల్లేవాళ్ళకేమో 'ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ళు' అన్న పేరు! 2024లో ఈ లేసుకి జీఐ గుర్తింపొచ్చింది. సంతోషమే, కాకపోతే జీఐ కాపాడేది లేసు పేరుని. కూలి రేటు దాని పరిధిలోకి రాదు.

బాపు-రమణల కుటుంబాల అనుమతి తీసుకుని, బుడుగుని అక్కడే అల్లించొచ్చు కదా? క్లయింటుకి గంటకింత అని బిల్లేసే మనం, వాళ్ళ దగ్గర పీసుకింత అని బేరమాడకుండా ఆ గంటల లెక్కే కట్టాలి. ధర వెయ్యి దాటుతుందేమో, దాటనీండి. పెసూనాంబతో కలిపి రెండు నాకు రాసుకోండి :)