సంపు అంటే ఏ సంపు?

ఇంట్లో పెద్ద అక్వేరియం పెడుతున్నాం. దాని పైపుల పని మనమే చేసుకోవాలా, ప్లంబర్‌ని పిలవాలా? హాస్టల్లో అడిగితే "యూట్యూబ్‌లో అంతా ఉంది కదా బ్రో, ప్లంబర్‌కి డబ్బులు దండగ" అంటారు. ఇంట్లో అడిగితే "ఇంజనీరింగ్ చదువుతూ పైపులు పట్టుకుని కూర్చుంటావా, ప్లంబర్‌ని పిలువు" అంటారు. ఒకళ్ళు డబ్బు చూస్తున్నారు, ఇంకొకళ్ళు పరువు చూస్తున్నారు. నీళ్ళు ఎటు పోతాయో మాత్రం ఎవరూ చూడట్లేదు.

నా మాట ఇది. అక్వేరియంలో తిరిగి తిరిగి అదే చోటికి వచ్చే నీళ్ళ పైపులు ఆ చేపలు పెంచేవాళ్ళే వేసుకోవాలి. చేతకాకపోతే నేర్చుకుని మరీ వేసుకోవాలి. ఇంటి కొళాయి లైన్‌నీ, డ్రైనేజీనీ, గోడనీ తాకే పైపు ఏదైనా సరే, ప్లంబర్ వెయ్యాలి. చెరి సగం పంచేసి ఇద్దరినీ సంతోషపెడదామని కాదు. ఈ రెండూ అసలు ఒక పని కాదు, అందుకని.

రెండడుగుల ట్యాంకులో నాలుగు గప్పీలు వేసుకునేవాళ్ళకి ఈ గోల అక్కర్లేదు. ఒక స్పాంజ్ ఫిల్టర్, ఒక ఎయిర్ పంపు చాలు. నేను మాట్లాడేది నాలుగడుగులు, అంతకు పైన ఉండి, కింద క్యాబినెట్‌లో ఇంకో గాజు పెట్టె పెట్టుకునే ట్యాంకుల గురించి. పై ట్యాంకు అంచు దాకా నిండిన నీళ్ళు పైపులోంచి కింద పెట్టెలోకి దిగుతాయి, అక్కడ ఫిల్టర్ అవుతాయి, పంపు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. రోజుకి ఇరవై నాలుగు గంటలూ ఇదే పని. ఆ కింది పెట్టెని అక్వేరియం వాళ్ళు సంపు అంటారు.

గొడవ ఈ మాట దగ్గరే మొదలవుతుంది. మన ఊళ్ళలో సంపు అంటే భూమిలో కట్టిన నీళ్ళ తొట్టి. మున్సిపల్ నీళ్ళు అందులో పడతాయి, మోటార్ వేస్తే మేడ మీది ట్యాంకుకి ఎక్కుతాయి. ప్లంబర్‌కి "సంపు నుంచి పై ట్యాంకుకి లైన్ వెయ్యాలి" అని చెబితే ఆయన మనసులో కనపడేది అదే. ఆశ్చర్యం ఏంటంటే చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కింద తొట్టి, పంపు, పైన ట్యాంకు, నిండితే పొర్లే పైపు. అందుకే ప్లంబర్ "ఓస్ ఇంతేనా" అంటాడు, మనం నమ్మేస్తాం.

తేడా కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. మేడ మీది ట్యాంకులో మోటార్ పైపు మూతి నీళ్ళ పైన, గాలిలో ఉంటుంది. మోటార్ ఆగితే పైకెక్కిన నీళ్ళు పైనే ఉంటాయి. అక్వేరియంలో పంపు పైపు మూతి సాధారణంగా నీళ్ళ లోపల ఉంటుంది. పంపు ఆగగానే అదే పైపులోంచి నీళ్ళు వెనక్కి జారడం మొదలుపెడతాయి. బండిలోంచి ట్యూబు పెట్టి ఒక్కసారి నోటితో పీల్చి వదిలితే పెట్రోల్ దానంతటదే డబ్బాలోకి వస్తుంది కదా, సరిగ్గా అదే సైఫన్. మూతికి గాలి తగిలేదాకా ఆగదు.

లెక్క వేద్దాం. ట్యాంకు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే 9 ఘనపుటడుగులు. ఒక్క ఘనపుటడుగులో సుమారు 28 లీటర్లు పడతాయి, మొత్తం 250 లీటర్ల పైమాటే. ఇందులో ఒక్క అంగుళం మట్టం దిగితే 14 లీటర్లు. పైపు మూతి నీటి మట్టానికి 6 అంగుళాల కింద ఉంటే, కరెంటు పోయిన ప్రతిసారీ దాదాపు 85 లీటర్లు కిందికి వస్తాయి. కింది పెట్టె 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అనుకోండి. మొత్తం పట్టేదే 56 లీటర్లు. అది అప్పటికే సగం నిండి ఉంటుంది, కాబట్టి ఖాళీ 28. మిగతా 57 లీటర్లు ఎక్కడికి పోతాయి? హాల్లోకి.

ఇది ఊహించి చెప్తున్న లెక్క కాదు. మా మావయ్య వాళ్ళింట్లో ట్యాంకు కొలతలే ఇవి. వాళ్ళది మూడో అంతస్తు. పైపులు వేసింది ఆ అపార్ట్‌మెంట్ పనులన్నీ చేసే ప్లంబర్. చేతిపని చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్క ఎల్బో వంకర లేదు, ఒక్క జాయింట్ కారలేదు. నీళ్ళు బాగా తిరుగుతాయని పైపుని నీళ్ళలోకి అరడుగు దించాడు, వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వ్ కూడా పెట్టాడు. అంటే ఆయన ఆలోచించాడు. కానీ కొన్ని నెలలకి ఆ వాల్వ్ రెక్క దగ్గర ఒక చిన్న నత్త ఇరుక్కుంది. రాత్రి రెండింటికి కరెంటు పోయింది. పొద్దున్నే కింది ఫ్లాటు వాళ్ళు ఫాల్స్ సీలింగ్ ఫోటో తీసి పంపిస్తే గానీ మావయ్యకి తెలీలేదు.

అందరూ ప్లంబర్‌ని తిట్టారు. నాకు అది అన్యాయం అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. ఆయన జన్మలో నత్తలు తిరిగే పైపు వేసి ఉండడు. ఇంటి లైన్లలో నాన్ రిటర్న్ వాల్వ్ నమ్మకమైన వస్తువే, ఎందుకంటే అందులోంచి పోయేవి నీళ్ళే. అక్వేరియంలో నీళ్ళతో పాటు నాచు, మొక్కల ఆకులు, ఇసుక, నత్తలు పోతాయి. ఆ సంగతి తెలిసినవాడు మావయ్య. గీసి చూపించాల్సింది, కరెంటు పోతే ఏం జరగాలో చెప్పాల్సింది కూడా ఆయనే. "ఇక్కడి నుంచి ఇక్కడికి పైపు వెయ్యి" అని చెప్పి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. మన భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్స్ ఇవ్వకుండా కోడ్ రాయమని, బగ్ వచ్చాక డెవలపర్‌ని తిట్టడం.

చివరికి చేసిన రిపేరు చూస్తే నవ్వొస్తుంది. పైపు మూతిని నీటి మట్టానికి అంగుళం కిందికి జరపడం, మట్టానికి కాస్త కిందనే పైపుకి ఒక చిన్న రంధ్రం పెట్టడం. నీళ్ళు కొంచెం దిగగానే ఆ రంధ్రంలోంచి గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. ఖర్చు సున్నా. కాకపోతే ఆ రంధ్రం నాచు పట్టి మూసుకుపోకుండా అప్పుడప్పుడూ టూత్‌పిక్‌తో శుభ్రం చెయ్యాలి. అది ఎవరు చేస్తారు? ప్లంబర్ వారం వారం వచ్చి చెయ్యడు కదా. మూతి అంగుళమే మునిగి ఉంది కాబట్టి రంధ్రం మూసుకుపోయినా దిగేది 14 లీటర్లు, కింది పెట్టెలో చోటుంది. ఒకటి ఫెయిలైనా ఇంకోటి కాపాడాలి.

పై నుంచి కిందికి దిగే పైపుకీ ఇలాంటిదే ఉంది. దానికి ఒక ఆకు అడ్డం పడితే నీళ్ళు దిగవు, పంపు మాత్రం పైకి తోస్తూనే ఉంటుంది. కాబట్టి కాస్త ఎత్తులో మూతి ఉన్న రెండో పైపు ఉండాలి, దానికి ఏ వాల్వూ పెట్టకూడదు. పంపు గదిలోని నీళ్ళు మొత్తం పైకెక్కినా పై ట్యాంకు పొర్లకుండా ఖాళీ వదలాలి. ఇదంతా పైపులు కొయ్యడం రాకపోయినా కాగితం మీద తేల్చుకోవచ్చు. తేల్చుకోకుండా ఎంత బాగా కోసినా ఉపయోగం లేదు.

ఇప్పుడు యూట్యూబ్ బ్యాచ్ సంగతి. మా సీనియర్ ఒకాయన ఇంటి దగ్గర మొత్తం తనే వేసుకున్నాడు. లీకులు లేవు. కాకపోతే ఒక్క యూనియన్ కూడా పెట్టలేదు, అన్నీ సాల్వెంట్ సిమెంట్‌తో అతికించేశాడు. పంపు మొరాయించిన రోజు దాన్ని బయటికి తియ్యాలంటే పైపు కొయ్యడం తప్ప దారి లేదు. కొళాయిలు బిగించే ఏ ప్లంబర్‌ని అడిగినా మోటార్‌కి అటూ ఇటూ యూనియన్ లేకుండా లైన్ వెయ్యొద్దని ఒక్క ముక్కలో చెప్పేవాడు. ఇలాంటివి చేతుల్లో ఉండే తెలివి. వీడియోలో కనపడతాయి గానీ మనం స్కిప్ చేసేస్తాం.

షాపులో ఇంకో తమాషా. అంగుళం పైపు ఇమ్మంటే "యూపీవీసీనా, సీపీవీసీనా" అంటారు. రెండూ అంగుళం అనే అమ్ముతారు. బయటి వ్యాసం మాత్రం యూపీవీసీది 33.4 మిల్లీమీటర్లు, సీపీవీసీది 28.6. ఒకదాని ఎల్బో ఇంకోదానికి ఎక్కదు, గమ్ము కూడా వేరు. సీపీవీసీ వేడినీళ్ళ కోసం చేసింది. అక్వేరియానికి తెల్ల యూపీవీసీ చాలు. ఏది కొన్నా ముందు గమ్ము లేకుండా మొత్తం బిగించి చూసుకోండి. గుర్తులు పెట్టుకున్నాకే అతికించండి. అతికించాక ఒక రోజు ఆరనివ్వండి.

నేర్చుకోవాలనుకుంటే యూట్యూబ్ కంటే ఒక పూట ప్లంబర్ పక్కన నిలబడటం మేలు. "అన్నా, ఈ జాయింట్ నేను పెడతా, చూడు" అంటే చాలామంది కాదనరు. కోసిన అంచు బ్లేడుతో గీకడం, గమ్ము రాశాక లోపలికి తోసి పావు వంతు తిప్పడం, వెనక్కి జరగకుండా కాసేపు పట్టుకోవడం. ఇవన్నీ పది నిమిషాల విద్యలు. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో మాతో ఇనుప ముక్కలు గంటలకొద్దీ ఆకురాయి పట్టించారు గానీ ప్లంబింగ్ మాత్రం చూపించి వదిలేశారు. ఇంట్లో రోజూ పనికొచ్చేది ఏదో మీరే చెప్పండి. "చదువుకున్నోడికి పైపులెందుకు" అన్న మాట నాకు నచ్చనిది కూడా అందుకే. ఆ మాటలో చదువు మీద గౌరవం కంటే పైపు పట్టేవాడి మీద చులకన ఎక్కువ.

అయినా కొన్ని చోట్ల చెయ్యి పెట్టకూడదు. నీళ్ళు ఆవిరైనంత వాటంతటవే నిండాలని కొందరు కొళాయి లైన్‌నుంచి నేరుగా ట్యాంకులోకి ఫ్లోట్ వాల్వ్ పెట్టించుకుంటారు. ఇంటి లైన్‌లో ప్రెషర్ ఉంటుంది. అక్వేరియం పైపు కారితే కారేది ట్యాంకులో ఉన్నంతే. ఇంటి లైన్ కారితే మేడ మీది ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కారుతుంది. అది ప్లంబర్ పనే, అది కూడా మన చేతికి అందేలా విడిగా ఒక బాల్ వాల్వ్ పెట్టించుకుని. పైగా మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, ఫ్లోట్ వాల్వ్ ఇరుక్కుంటే చేపలకి అదొక దెబ్బ. నన్నడిగితే ఆ కనెక్షనే వద్దు, బకెట్ ఉంది. ప్లంబర్ ఇత్తడి ఫిట్టింగ్ తీస్తే మాత్రం ప్లాస్టిక్‌ది అడగండి. ఇత్తడిలో రాగి ఉంటుంది, రొయ్యలకి రాగి కొంచెమైనా విషమే. ఆయన చెడ్డపని చెయ్యట్లేదు, మనుషులు తాగే నీళ్ళకి వాడే వస్తువే తీశాడు.

గాజుకి రంధ్రం పెట్టేది మీరూ కాదు, ప్లంబరూ కాదు. ట్యాంకు తయారుచేసిన గాజు పనివాడి చేత, సిలికాన్ పెట్టకముందే పెట్టించుకోవాలి. టఫెన్డ్ గాజైతే బిట్ పెట్టగానే పొడిపొడి అవుతుంది. అది ఏ గాజో ముందే అడగండి.

అంతా అయ్యాక, చేపలు వెయ్యకముందు, నీళ్ళు నింపి పంపు నడుస్తుండగా స్విచ్ తీసెయ్యండి. కింది పెట్టెలో నీళ్ళు ఎంత దాకా ఎక్కి ఆగాయో మార్కర్‌తో గీత గియ్యండి. తర్వాత దిగే పైపుని గుడ్డతో మూసి, పంపు వేసి, పైన ఏమవుతుందో చూడండి. ప్లంబర్ వేసినా సరే, ఆయన వెళ్ళకముందే ఆయన ముందే చెయ్యండి. ఇక పంపు వైరు ప్లగ్గు దగ్గరికి వచ్చేముందు కిందికి వంగి పైకి లేవాలి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. ఆ ప్లగ్ పాయింటుకి 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించండి. అది మాత్రం యూట్యూబ్ చూసి చెయ్యొద్దు.